రీకాంబినెంట్ మానవ టీఎన్‌ఎఫ్-ఆల్ఫా

ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్-ఆల్ఫా, క్లుప్తంగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, మన రోగనిరోధక కణాలు విడుదల చేసే సైటోకైన్లలో ఒకటి. ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే చిన్న ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడినా, కణజాలం దెబ్బతిన్నా మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు మొట్టమొదట వదిలేవాటిలో ఇది ఉంటుంది. సన్నని రక్తనాళాల గోడలు సడలి ద్రవం బయటికి ఊరడం, తెల్లకణాలు ఆ చోటికి చేరడం, జ్వరం రావడం, ఆకలి చచ్చిపోవడం వంటి శోథ లక్షణాల్లో చాలా భాగం దీని ప్రేరణతోనే కలుగుతాయి. ఈ ప్రోటీన్‌కు సంబంధించిన మానవ జన్యువును బాక్టీరియాలోకో, ప్రయోగశాలలో పెంచే కణాల్లోకో ప్రవేశపెట్టి తయారు చేయించినదే రీకాంబినెంట్ మానవ టీఎన్‌ఎఫ్-ఆల్ఫా. ఇది చిన్న సీసాల్లో కొన్ని మైక్రోగ్రాముల ఎండు పొడి రూపంలో దొరుకుతుంది. ఒక్కోసారి అడుగున ఏమీ లేనట్టే కనిపిస్తుంది. పరిశోధన కోసం అమ్మే ఈ సరుకును మనుషులకు ఇవ్వకూడదు.

జీవశాస్త్ర ప్రయోగశాలల్లో విరివిగా వాడే ప్రోటీన్లలో ఇదొకటి. దీనితో వచ్చిన ఫలితాన్ని నమ్మాలా వద్దా అన్నది అమైనో ఆమ్లాల వరుస సరిగా ఉండటం ఒక్కదాని మీదే ఆధారపడదు. ఆ పొడిలో ఇంకేం కలిసి ఉన్నాయి, ప్రోటీన్ పనిచేయడానికి కలిసి ఉండాల్సిన మూడు గొలుసులు ఇంకా జతకూడి ఉన్నాయా, దాని బలాన్ని ఏ కణాల మీద తూచారు అన్న ప్రశ్నలకు జవాబు తెలియకుండా టీఎన్‌ఎఫ్ ప్రయోగాన్ని అర్థం చేసుకోలేం.

కనుగొన్న క్రమం

ఈ కథ 19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లో మొదలైంది. శస్త్రవైద్యుడు విలియం కోలీ, తీవ్రమైన చర్మపు ఇన్‌ఫెక్షన్ సోకిన కొందరు రోగుల్లో క్యాన్సర్ కంతులు కరిగిపోవడం గమనించి, 1891 నుంచి బాక్టీరియాను, తర్వాత చంపిన బాక్టీరియా మిశ్రమాన్ని, రోగులకు ఇవ్వసాగాడు. ఫలితాలు నిలకడగా రాలేదు. రేడియేషన్ చికిత్స వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది. అయితే కంతులను దెబ్బతీసిందేమిటన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 1940లలో మరే షియర్ అలాంటి బాక్టీరియా నుంచే ఎలుకల కంతుల్లో రక్తస్రావం కలిగించి వాటిని కుళ్లబెట్టే పదార్థాన్ని వేరుచేశాడు. ఇప్పుడు మనం ఎండోటాక్సిన్ అని పిలిచే, బాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడ్ అదే.

ఎండోటాక్సిన్ స్వయంగా కంతిని చంపుతుందా, లేక శరీరం చేత మరేదైనా విడుదల చేయించి చంపిస్తుందా? 1975లో స్లోన్-కెటరింగ్ సంస్థలో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్, వారి సహచరులు దీన్ని తేల్చారు. ముందుగా బీసీజీ ఇచ్చిన ఎలుకలకు ఎండోటాక్సిన్ ఎక్కించి, వాటి రక్తరసాన్ని తీసి, కంతులున్న వేరే ఎలుకలకు ఇచ్చారు. కంతులు కుళ్లిపోయాయి. రక్తరసంలో ఉన్న ఆ కారకానికే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు.

ఇంచుమించు అదే కాలంలో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ బృందం పూర్తిగా వేరే దారిలో నడుస్తోంది. ట్రిపనోసోమా పరాన్నజీవి సోకిన జంతువులు చిక్కి శల్యమవుతుంటే, వాటి రక్తంలో మాత్రం కొవ్వు పేరుకుపోవడం ఎందుకని వారి ప్రశ్న. దానికి కారణమైన ప్రోటీన్‌కు కాకెక్టిన్ అని పేరు పెట్టి, బ్రూస్ బ్యూట్లర్ దాన్ని శుద్ధి చేశాడు. 1985లో చూస్తే రెండూ ఒకటేనని తేలింది. కంతిని చంపే పదార్థమూ, ఒంటిని క్షీణింపజేసే పదార్థమూ ఒకటే కావడంతో, దీన్ని క్యాన్సర్ మందుగా వాడాలన్న ఆశ మీద అప్పుడే నీడ పడింది. 1986లో కెవిన్ ట్రేసీ, బ్యూట్లర్, సెరామీ, ఇంకొందరు కలిసి రీకాంబినెంట్ మానవ ప్రోటీన్‌ను ఎలుకలకు ఎక్కించినప్పుడు రక్తపోటు పడిపోయి, అవయవాలు దెబ్బతిని, సెప్టిక్ షాక్‌ను పోలిన స్థితి వచ్చింది. బాక్టీరియా లేకుండా, ఒక్క ప్రోటీన్‌తో ఆ స్థితిని తెప్పించడం శోథ పరిశోధనను మలుపు తిప్పింది.

అంతకు ముందే, 1984లో, జెనెన్‌టెక్ సంస్థలో డయాన్ పెనికా, డేవిడ్ గోడెల్, వారి సహచరులు మానవ జన్యువును క్లోన్ చేసి, ఈ.కోలి బాక్టీరియాలో వ్యక్తపరచారు. హెచ్‌ఎల్-60 అనే లుకేమియా కణాల నుంచి ఈ ప్రోటీన్‌ను శుద్ధి చేసిన పనిలో భారతీయ శాస్త్రవేత్త భరత్ అగర్వాల్ ముఖ్యుడు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన ఇతర విషయాలపై రాసిన పత్రాలు అనేకం ఉపసంహరణకు గురయ్యాయి. ఆ తొలి శుద్ధీకరణ ఫలితం మాత్రం ఎన్నో ప్రయోగశాలల్లో నిలబడింది. క్లోనింగ్‌కు ముందు లీటర్ల కొద్దీ కణద్రవాన్ని వడగట్టినా చిటికెడు కూడా దక్కని పదార్థం, క్లోనింగ్ తర్వాత గ్రాముల్లో చేతికొచ్చింది.

నిర్మాణం

మనిషిలో దీని జన్యువు 6వ క్రోమోజోమ్ మీద, అవయవ మార్పిడిలో పొంతన చూసే హెచ్‌ఎల్‌ఏ జన్యువులుండే ప్రాంతంలోనే ఉంది. కణం ముందుగా 233 అమైనో ఆమ్లాల రూపాన్ని తయారుచేసి పైపొరలో నిలుపుతుంది. టేస్, అంటే ఆడమ్-17, అనే ఎంజైమ్ దాన్ని 76వ అమైనో ఆమ్లం తర్వాత కత్తిరిస్తుంది. బయటికి వచ్చే ముక్కలో 157 అమైనో ఆమ్లాలుంటాయి, బరువు సుమారు 17 కిలోడాల్టన్లు. ఈ ఎంజైమ్‌ను 1997లో రెండు బృందాలు వేర్వేరుగా కనిపెట్టాయి. సీసాలో అమ్మే ప్రోటీన్ సాధారణంగా ఈ కరిగే 157 అమైనో ఆమ్లాల రూపమే.

ఒంటరి గొలుసు పనిచేయదు. మూడు గొలుసులు జతకూడి, సుమారు 52 కిలోడాల్టన్ల గంట ఆకారపు కూటమిగా ఉన్నప్పుడే అది కణం మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని పట్టుకోగలదు. 1989లో స్ఫటిక నిర్మాణం ఈ అమరికను కళ్లకు కట్టింది. రెండు గొలుసుల మధ్య పడే లోయల్లో గ్రాహకం అతుక్కుంటుంది కనుక ఒక్క కూటమి మూడు గ్రాహకాలను దగ్గరికి లాగగలదు. కణంలోకి సంకేతం వెళ్లడానికి ఆ దగ్గరవ్వడమే కీలకం. ఈ మూడు గొలుసుల మధ్య రసాయన బంధం ఏదీ లేదు. బాగా పలచన చేసి వదిలేస్తే అవి విడిపోతాయి. నానోగ్రాముల స్థాయికి పలచన చేసిన ద్రావణాన్ని దాచి మర్నాడు వాడితే బలం తగ్గడానికి ఇదొక కారణం. ప్లాస్టిక్ గోడలకు ప్రోటీన్ అంటుకుపోవడం రెండో కారణం.

కణం మీద చేసే పని

దీనికి రెండు గ్రాహకాలున్నాయి. మొదటిది దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. రెండోది ముఖ్యంగా రోగనిరోధక కణాల మీద, రక్తనాళాల లోపొర కణాల మీద ఉంటుంది. సీసాలోని కరిగే రూపం మొదటిదాన్ని బాగా ప్రేరేపిస్తుంది. రెండో గ్రాహకం పూర్తిగా మేల్కోవాలంటే మాత్రం పొరలో నిలిచిన రూపమే కావాలని 1995లో గ్రెల్ బృందం చూపింది. అందుకే కరిగే ప్రోటీన్‌తో చేసిన ప్రయోగం టీఎన్‌ఎఫ్ చేసే పనులన్నిటినీ చూపించదు. పరిశోధన పత్రాలు చాలా వరకు ఈ సంగతి చెప్పకుండా దాటేస్తాయి.

మొదటి గ్రాహకానికి టీఎన్‌ఎఫ్ తగలగానే దాని లోపలి తోక చుట్టూ ట్రాడ్, రిప్‌కే1, ట్రాఫ్2 వంటి ప్రోటీన్లు గుమిగూడతాయి. ఆ గుంపు నుంచి వెళ్లే సంకేతం ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచిన నిరోధకాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా బి కేంద్రకంలోకి వెళ్లి శోథ జన్యువులను మేల్కొలుపుతుంది. దాన్ని 1986లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో రంజన్ సేన్ కనిపెట్టాడు. ఎన్‌ఎఫ్-కప్పా బి మేల్కొలిపే జన్యువుల్లో కణం ప్రాణాన్ని కాపాడేవి కూడా ఉన్నాయి. అందువల్ల మామూలు కణానికి టీఎన్‌ఎఫ్ ఇస్తే అది చావదు, రెచ్చిపోతుంది. ఆక్టినోమైసిన్-డి లాంటి మందుతో కొత్త ప్రోటీన్ల తయారీని ఆపితే ఆ కాపలా పోతుంది. అప్పుడు అదే గ్రాహకం కాస్పేజ్-8 అనే ఎంజైమ్ దారిలో కణాన్ని ఆత్మహత్యకు నడుపుతుంది. కాస్పేజ్‌లను కూడా అడ్డుకుంటే రిప్‌కే3, ఎమ్‌ఎల్‌కేఎల్ ద్వారా కణం పగిలిపోయే మరో చావు, నెక్రాప్టోసిస్, వస్తుంది. చావా బతుకా అన్నది కణం ఉన్న స్థితే నిర్ణయిస్తుంది. ఇన్ని దారులను విడివిడిగా తెరిచి చూసే అవకాశం ఒక్క ప్రోటీన్‌తో దొరకడమే దీన్ని ప్రయోగశాలల్లో ఇంత విలువైనదిగా చేసింది.

తయారీ

మానవ టీఎన్‌ఎఫ్‌కు నత్రజని ద్వారా అతుక్కునే చక్కెర గొలుసులు అవసరం లేదు. గొలుసులో ఉన్న సల్ఫర్ బంధం కూడా ఒక్కటే. కనుక చక్కెరలు తగిలించలేని ఈ.కోలి దీనికి సరిపోతుంది, చవక కూడా. 157 అమైనో ఆమ్లాలకు సరిపడే డీఎన్‌ఏను, బాక్టీరియా ఇష్టపడే కోడాన్లతో కూర్చి, ప్లాస్మిడ్‌లో అమర్చి, బాక్టీరియాలోకి పంపుతారు. బాక్టీరియా తగినంత పెరిగాక ఐపీటీజీ అనే రసాయనం వేస్తే జన్యువు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల తర్వాత బాక్టీరియాను పగలగొట్టి ద్రవాన్ని వడకట్టి, అయాన్ మార్పిడి స్తంభాల గుండా, తర్వాత పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ స్తంభం గుండా పంపి శుద్ధి చేస్తారు. కొన్ని సంస్థలు సులువు కోసం హిస్టిడిన్ తోకను తగిలిస్తాయి. మానవ కణాల్లో తయారైన రకాలూ దొరుకుతాయి, వాటి ధర ఎక్కువ.

శుద్ధమైన సరుకును ఎలక్ట్రోఫోరెసిస్ జెల్ మీద నడిపితే 17 కిలోడాల్టన్ల దగ్గర ఒకే పట్టీ కనిపించాలి. జెల్‌లో కూటమి విడిపోతుంది కాబట్టి ఆ పట్టీ ఒంటరి గొలుసుదే. కూటమి నిలిచి ఉందో లేదో తెలియాలంటే జెల్ స్తంభం ఫలితమే చూడాలి.

ఇలాంటి సాంకేతికత తెలుగునాట కూడా వేళ్లూనుకుంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి, భారతదేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా. అక్కడ ఆ టీకాను తయారు చేసింది ఈస్ట్ కణం.

ఎండోటాక్సిన్ చిక్కు

టీఎన్‌ఎఫ్‌ను కనిపెట్టడానికి దారి చూపిన ఎండోటాక్సిన్, ఈనాడు దాని తయారీలో అన్నిటికన్నా పెద్ద సమస్య. ఈ.కోలి పైపొర నిండా అదే. బాక్టీరియాను పగలగొట్టినప్పుడు మొత్తం ద్రవంలో కలుస్తుంది. శుద్ధి చేసిన ప్రోటీన్‌లో 99 శాతం స్వచ్ఛత కనిపించినా ఎండోటాక్సిన్ ఉండొచ్చు, ఎందుకంటే అది ప్రోటీన్ కాదు, జెల్ మీద ప్రోటీన్ రంగు దానికి పట్టదు.

ఇందులో ఉన్న ప్రమాదాన్ని లెక్కతో చూడాలి. మంచి సరుకులో మైక్రోగ్రాముకు ఒక ఎండోటాక్సిన్ యూనిట్ కన్నా తక్కువ ఉంటుంది. ఒక యూనిట్ అంటే సుమారు 0.1 నానోగ్రాము. ప్రయోగంలో మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల టీఎన్‌ఎఫ్ వాడితే, వెంట వచ్చే ఎండోటాక్సిన్ ఒక పికోగ్రాముకు మించదు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అదే, జాగ్రత్త లేకుండా సొంతంగా తయారుచేసుకున్న ప్రోటీన్‌లో మైక్రోగ్రాముకు వెయ్యి యూనిట్లుంటే, అదే మోతాదులో ఒక నానోగ్రాము ఎండోటాక్సిన్ పడుతుంది. మాక్రోఫేజ్‌ను మేల్కొలపడానికి అది చాలు. అప్పుడు ఆ కణమే తన సొంత టీఎన్‌ఎఫ్‌ను, ఇంటర్‌ల్యూకిన్లను వదులుతుంది. మనం చూసిన ఫలితం దేనిదో చెప్పలేం.

ఈ పొరపాటు ఇతర ప్రోటీన్ల విషయంలో నిజంగానే జరిగింది. ఈ.కోలిలో తయారైన మానవ హీట్ షాక్ ప్రోటీన్-70 మాక్రోఫేజ్‌ల చేత టీఎన్‌ఎఫ్ విడుదల చేయిస్తుందని ఏళ్ల తరబడి పత్రాలు వచ్చాయి. అది కూడా సైటోకైన్ లాంటిదేనన్న వాదం బలపడింది. 2003లో గావ్, సాన్ అనే పరిశోధకులు ఎండోటాక్సిన్ బాగా తొలగించిన ప్రోటీన్‌తో అదే ప్రయోగం చేస్తే టీఎన్‌ఎఫ్ విడుదల కాలేదు. ఎంతో శ్రమ, ఎంతో ధనం వెచ్చించిన పరిశోధన సరుకులోని మలినం వల్ల తప్పుదారి పట్టడం బాధాకరం. ఆ తర్వాతైనా ఈ పరీక్ష ప్రతి ప్రయోగశాలలో తప్పనిసరి కావాల్సింది. అన్నిచోట్లా కాలేదు.

పరీక్షకు మార్గాలున్నాయి. హార్స్‌షూ పీత రక్తకణాల సారం ఎండోటాక్సిన్ తగిలితే గడ్డకడుతుంది. ఫ్రెడరిక్ బాంగ్, జాక్ లెవిన్ 1960లలో వెలికితీసిన ఈ గుణమే ఎల్‌ఏఎల్ పరీక్షకు ఆధారం. పీతలను నొప్పించకుండా అదే పని చేసే రీకాంబినెంట్ ఫ్యాక్టర్-సి కూడా ఇప్పుడుంది. అంతకన్నా సులువైన పరీక్ష మరిగించడం. మరిగిస్తే టీఎన్‌ఎఫ్ చెడిపోతుంది, ఎండోటాక్సిన్ చెడదు. మరిగించిన ప్రోటీన్ కూడా కణాలను రెచ్చగొడితే, రెచ్చగొట్టింది టీఎన్‌ఎఫ్ కాదన్నమాట. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలీమిక్సిన్-బి కలిపి చూడటం ఇంకొకటి. ఎండోటాక్సిన్ గ్రాహకం టీఎల్‌ఆర్4 పనిచేయని ఎలుకల కణాలు వాడటం మరొకటి. ఆ గ్రాహకాన్ని 1998లో గుర్తించినందుకే, కాకెక్టిన్‌ను శుద్ధి చేసిన బ్రూస్ బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతి లభించింది. ఎండోటాక్సిన్ తగిలినా టీఎన్‌ఎఫ్ విడుదల చేయని ఎలుకల జాతిలో లోపం ఎక్కడుందో వెతుకుతూ ఆయన దాన్ని పట్టుకున్నాడు.

బలాన్ని తూచడం

ఎంత ప్రోటీన్ ఉందన్నది ఒక సంగతి, అందులో ఎంత పనిచేస్తోందన్నది ఇంకొకటి. టీఎన్‌ఎఫ్ బలాన్ని సాధారణంగా ఎల్-929 అనే ఎలుక కణాల మీద తూస్తారు. ఆక్టినోమైసిన్-డి ఇచ్చిన ఈ కణాల మీద ప్రోటీన్‌ను రకరకాల పలచనల్లో వేసి, మర్నాడు బతికి ఉన్నవాటికి రంగు పట్టించి లెక్కిస్తారు. సగం కణాలు చనిపోయే గాఢత, మంచి సరుకుకు, మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కన్నా తక్కువే. అది 0.05 నానోగ్రాములైతే మిల్లీగ్రాముకు రెండు కోట్ల యూనిట్ల బలం ఉన్నట్టు.

మానవ ప్రోటీన్‌ను ఎలుక కణాల మీద తూచడం మొదట వింతగా తోస్తుంది. మానవ టీఎన్‌ఎఫ్ ఎలుకల మొదటి గ్రాహకానికి అతుక్కుంటుంది, రెండోదానికి అతుక్కోదు. ఎల్-929 కణాలను చంపడానికి మొదటిది చాలు కాబట్టి పరీక్ష నడుస్తుంది. అయితే బతికున్న ఎలుకలకు మానవ టీఎన్‌ఎఫ్ ఎక్కించి వచ్చిన ఫలితాన్ని మనుషులకు అన్వయించేటప్పుడు ఈ తేడా మరవకూడదు. రెండో గ్రాహకం పాత్ర అందులో కనిపించదు.

ఒక్కో సంస్థ తన కణాల మీద, తన పద్ధతిలో యూనిట్లు చెబితే పోల్చడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఇంగ్లండ్‌లోని జీవ ప్రమాణాల సంస్థ ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణ నమూనాతో పక్కపక్కన పెట్టి తూచినప్పుడే ఆ యూనిట్‌కు అర్థం ఉంటుంది.

వాడకం

సీసా తెరిచే ముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మూతకు అంటిన పొడిని అడుక్కి దించాలి. తగినంత గాఢంగా, మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాముకు తగ్గకుండా కరిగించి, చిన్న భాగాలుగా చేసి, గడ్డకట్టించి దాచాలి. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే బలం పోతుంది. పలచన ద్రావణాన్ని దాచాల్సి వస్తే సీరం ఆల్బుమిన్ వంటి తోడు ప్రోటీన్ కలపాలి. జంతువులకు ఎక్కించేటప్పుడు, లేదా టీఎన్‌ఎఫ్‌కు రంగు అణువును అతికించేటప్పుడు మాత్రం ఆల్బుమిన్ లేని రకమే తీసుకోవాలి.

కణాల మీద సాధారణంగా మిల్లీలీటరుకు 1 నుంచి 100 నానోగ్రాములు వాడతారు. బొడ్డుతాడు సిర కణాలకు ఇస్తే కొన్ని గంటల్లో ఇ-సెలెక్టిన్, ఐకామ్-1 లాంటి అతుకు ప్రోటీన్లు పైకి వస్తాయి. తెల్లకణాలు నాళపు గోడను ఎలా పట్టుకుంటాయో ఈ నమూనాలో చూడొచ్చు. కీళ్ల పొర కణాలు, కొవ్వు కణాలు, పేగు కణాలు, మెదడులోని సహాయక కణాలు అన్నిటి మీదా ఇలాంటి నమూనాలున్నాయి. రోగి రక్తంలో టీఎన్‌ఎఫ్‌ను కొలిచే ఎలీసా పరీక్షలో ప్రామాణిక రేఖ గీసేది కూడా ఈ రీకాంబినెంట్ ప్రోటీన్‌తోనే. ఒక్క హెచ్చరిక: రోగుల రక్తంలో టీఎన్‌ఎఫ్ సాధారణంగా పికోగ్రాముల్లో ఉంటుంది. పళ్లెంలో కణాలకు ఇచ్చేది దానికి వేల రెట్లు.

వైద్యంలో

మందుగా దీని చరిత్ర పరిమితం. 1980లలో క్యాన్సర్ రోగుల రక్తంలోకి నేరుగా ఎక్కించినప్పుడు చలి, జ్వరం, రక్తపోటు పడిపోవడం వల్ల పనిచేసేంత మోతాదు ఇవ్వలేకపోయారు. ఫెర్డీ లెజూన్, డానియెల్ లియెనార్ బృందం వేరే దారి వెతికింది. కంతి ఉన్న చేతినో కాలినో శరీర రక్తప్రసరణ నుంచి తాత్కాలికంగా వేరుచేసి, ఆ భాగంలో మాత్రమే టీఎన్‌ఎఫ్‌ను మెల్ఫలాన్ మందుతో కలిపి తిప్పడమే ఆ పద్ధతి. కొందరు రోగులకు చేయి, కాలు తీసేయాల్సిన అవసరం తప్పింది. టాసోనెర్మిన్ పేరుతో 1999లో ఐరోపాలో దీనికి అనుమతి వచ్చింది.

దీన్ని ఇవ్వడం కన్నా అడ్డుకోవడమే ఎక్కువ మందికి మేలు చేసింది. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ కీళ్ల కణాల్లో టీఎన్‌ఎఫ్‌ను ఆపితే మిగతా శోథ సైటోకైన్లు కూడా తగ్గుతాయని చూపి, 1992లో రోగుల మీద యాంటీబాడీ పరీక్ష మొదలుపెట్టారు. 1998లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్సెప్ట్, 2002లో అడాలిముమాబ్ అనే టీఎన్‌ఎఫ్ నిరోధక మందులు అమెరికాలో అనుమతి పొందాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకున్న కొందరిలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టిందని 2001లో తెలిసింది. క్షయ బాక్టీరియాను గ్రాన్యులోమా అనే కణాల ముద్దలో బంధించి ఉంచడానికి టీఎన్‌ఎఫ్ అవసరం. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో ఈ మందులు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణ క్షయ పరీక్ష చేయించడం అందుకే అత్యవసరం.

అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, 2014లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ విడుదల చేసింది. హైదరాబాద్‌కు చెందిన హెటిరో కూడా తర్వాత ఈ రంగంలోకి వచ్చింది. ఇలాంటి యాంటీబాడీల బలాన్ని తేల్చే పరీక్షల్లో కూడా రీకాంబినెంట్ టీఎన్‌ఎఫ్, ఎల్-929 కణాలు వాడతారు. కణాలను చంపడానికి సరిపడే టీఎన్‌ఎఫ్‌లో యాంటీబాడీని వేర్వేరు మోతాదుల్లో కలిపి, ఎంత కలిపితే సగం కణాలు బతికాయో చూస్తారు. పరీక్షకు వాడిన టీఎన్‌ఎఫ్ బలం సగానికి పడిపోయి ఉంటే, అసలు బలహీనంగా ఉన్న మందు కూడా బలంగానే కనబడుతుంది.